ఎంఓయూ తర్వాత ఏమిటి? దేశాల మధ్య న్యాయ పరిశోధన కేంద్రం నిలబడే తీరు

క్లుప్తంగా: వేర్వేరు దేశాల చట్టాలను కలిపి చదివేందుకు, న్యాయరంగంలో సహకారం పెంచేందుకు విశ్వవిద్యాలయాలు కొత్త కేంద్రాలు తెరుస్తున్నాయి. కుదిరిన అవగాహన ఒప్పందాల (ఎంఓయూల) సంఖ్యను బట్టి వాటి విలువ తేలదు. పరాయి దేశపు చట్టం ఫలానా తేదీ నాటికి ఏం చెబుతోంది, అక్కడి కోర్టులు దాన్ని ఎలా వర్తింపజేస్తున్నాయి అన్న ప్రశ్నకు నమ్మదగిన జవాబు ఇవ్వగలిగితేనే కేంద్రానికి పని ఉంటుంది. ప్రశ్నావళి, దేశ నివేదకులు (తమ దేశపు చట్టంపై నివేదిక రాసేవారు), అనువాదం, ఎప్పటికప్పుడు సవరణ అనే నాలుగు పనులు ఆగకుండా సాగితేనే ఆ జవాబు తయారవుతుంది. సంస్థ హోదా, నిధుల దారి, డేటా నిబంధనలు ముందే తేల్చుకోకపోతే ఈ నాలుగూ నడిమధ్యలో ఆగుతాయి.

## అవసరం ఎక్కడ పుట్టింది

సరుకు, డబ్బు, కుటుంబాలు సరిహద్దులు దాటినంత తేలిగ్గా కోర్టు తీర్పులు దాటవు. ఆర్బిట్రేషన్ అవార్డుల (మధ్యవర్తులు ఇచ్చే తీర్పుల) పరిస్థితి కొంత మేలు. 1958 నాటి న్యూయార్క్ ఒప్పందంలో 170కి పైగా దేశాలు ఉన్నాయి కాబట్టి ఒకచోట వచ్చిన అవార్డును మరోచోట అమలు చేయించుకునే బాట స్పష్టంగా ఉంది. కోర్టు తీర్పులకు అలాంటి ఒప్పందం కుదరడానికి దశాబ్దాలు పట్టింది. 2019 నాటి హేగ్ తీర్పుల ఒప్పందం 2023 సెప్టెంబరు 1న అమల్లోకి వచ్చినప్పుడు దాని పరిధిలో ఉన్నవి డెన్మార్క్ మినహా యూరోపియన్ యూనియన్, యుక్రెయిన్ మాత్రమే. బ్రిటన్‌లో అది 2025 జులై 1 నుంచి వర్తిస్తోంది. ఆ ఒప్పందం వర్తించనిచోట ప్రాంతీయ, ద్వైపాక్షిక ఒప్పందాలు కొంత ఆదుకుంటాయి. అవీ లేనప్పుడు ప్రతి దేశం తన సొంత చట్టం ప్రకారమే తేలుస్తుంది. చాలాచోట్ల ఆ చట్టం అడిగే షరతు పరస్పరత: మా తీర్పును మీరు గౌరవిస్తే మీ తీర్పును మేం గౌరవిస్తాం.

వినడానికి న్యాయంగానే ఉన్న ఈ షరతు ఆచరణలో పీటముడి పడుతుంది. ఎవరు ముందు అన్నదే ప్రశ్న. జపాన్ తీర్పును అమలు చేయడానికి చైనా 1990ల్లో నిరాకరించింది. ఒప్పందం లేదు, పరస్పరత లేదు అన్నది కారణం. ఆ నిరాకరణనే ఆధారంగా చూపి 2003లో ఒసాకా హైకోర్టు చైనా తీర్పును తోసిపుచ్చింది. దానికి పూర్తి భిన్నంగా నడిచింది సింగపూర్ వ్యవహారం. చైనాలోని సుజౌ కోర్టు తీర్పును సింగపూర్ హైకోర్టు 2014లో అమలుకు స్వీకరించింది. 2016 డిసెంబరులో సింగపూర్ తీర్పు ఒకటి నాన్‌జింగ్ కోర్టు ముందుకు వచ్చినప్పుడు ఆ 2014 ఉదంతమే పరస్పరతకు రుజువుగా నిలిచింది. 2018లో రెండు దేశాల అత్యున్నత న్యాయస్థానాలు డబ్బు చెల్లింపు తీర్పుల అమలుపై మార్గదర్శక పత్రం రాసుకున్నాయి.

పరిశోధన కేంద్రానికి ఇక్కడే పని దొరుకుతుంది. ఒక కోర్టు పరాయి తీర్పును గౌరవించిందన్న సంగతి రెండో కోర్టుకు తెలియాలి. అది ఏ ప్రాతిపదికన జరిగిందో, పై కోర్టులో నిలబడిందో లేదో పత్రాలతో సహా అందాలి. మంత్రిత్వ శాఖలు ఇలాంటి కేసులన్నిటినీ వెతికి భద్రపరచవు. న్యాయవాది తన కేసు వరకే చూస్తాడు. మిగిలేది విశ్వవిద్యాలయమే.

## పరాయి చట్టాన్ని కోర్టు ఎలా తెలుసుకుంటుంది

ఇంగ్లిష్ న్యాయ సంప్రదాయంలో పరాయి దేశపు చట్టాన్ని ఒక వాస్తవంగా చూస్తారు. దాన్ని ఉదహరించే పక్షమే నిపుణుడి సాక్ష్యంతో రుజువు చేయాలి. జర్మనీలో సివిల్ ప్రొసీజర్ కోడ్ 293వ సెక్షన్ ప్రకారం, పరాయి చట్టం తెలియకపోతే న్యాయమూర్తి పక్షాలు తెచ్చిన రుజువులకే పరిమితం కానక్కర్లేదు, తానే విచారించి తెలుసుకోవచ్చు. ఆచరణలో ఆయన విశ్వవిద్యాలయ సంస్థల నుంచి అభిప్రాయం తెప్పించుకుంటాడు. అమెరికా ఫెడరల్ కోర్టుల్లో 44.1 నిబంధన 1966 నుంచి దీన్ని చట్టపరమైన ప్రశ్నగా మార్చింది కాబట్టి న్యాయమూర్తి ఏ ఆధారాన్నయినా పరిశీలించవచ్చు.

మొదటి పద్ధతిలో ఇబ్బంది అందరికీ తెలిసిందే. రెండు పక్షాలూ చెరో నిపుణుడిని తెస్తాయి, ఇద్దరూ ఒకే కోడ్‌లోని ఒకే సెక్షన్‌ను చెరో విధంగా చెబుతారు, ఆ భాష రాని న్యాయమూర్తి ఎవరు ఎక్కువ నమ్మకంగా మాట్లాడారన్నది చూసి తేల్చాల్సి వస్తుంది. ప్రత్యామ్నాయాలు లేకపోలేదు. 1968లో లండన్‌లో కుదిరిన యూరోపియన్ ఒప్పందం ప్రకారం ఒక దేశపు కోర్టు మరో దేశపు అధికార సంస్థను రాతపూర్వకంగా అడగవచ్చు, ఆ జవాబు కోర్టును కట్టిపడేయదు. సింగపూర్, ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్ రాష్ట్ర సుప్రీంకోర్టులు 2010లో మరో అడుగు వేశాయి. చట్టం ఎవరిదో ఆ కోర్టుకే ప్రశ్నను నివేదించి తేల్చుకునేలా ఏర్పాటు చేసుకున్నాయి.

అధికారిక దారుల్లో ప్రశ్న ఒక శాఖ నుంచి మరో శాఖకు చేరాలి, జవాబు చట్టం పాఠం దగ్గరే ఆగిపోవచ్చు. విద్యాసంస్థ ఇచ్చే అభిప్రాయంలో చట్టంతో పాటు తీర్పులు, వాటిపై విమర్శ, ఆచరణ కూడా ఉంటాయి. అది ఏ పక్షం డబ్బుతోనూ తయారు కాలేదన్నదే దాని బరువు. అందుకే కేంద్రం తొలి రోజే ఒక నియమం పెట్టుకోవాలి: కోర్టులకు, ప్రభుత్వ సంస్థలకు ఇచ్చే అభిప్రాయం వేరు, ప్రైవేటు పక్షాలకు ఇచ్చేది వేరు. రెండోది చేస్తే ఫీజు, బాధ్యత బీమా, ప్రయోజనాల ఘర్షణ, లైసెన్సు లేకుండా న్యాయవాద వృత్తి చేస్తున్నారన్న ఆరోపణ అన్నీ వెంట వస్తాయి. కొత్త కేంద్రం మొదటి మూడేళ్లూ దాని జోలికి పోకపోవడమే మేలు.

## వందేళ్ల అనుభవం

ఈ తరహా సంస్థలు కొత్తవి కావు. న్యాయ పండితుడు ఎర్న్‌స్ట్ రాబెల్ 1926లో బెర్లిన్‌లో స్థాపించిన పరిశోధన సంస్థే నేడు హాంబర్గ్‌లో ఉన్న మాక్స్ ప్లాంక్ సంస్థ. అదే ఏడాది రోమ్‌లో ప్రైవేటు చట్టాల ఏకీకరణ సంస్థ యూనిడ్రా పుట్టింది. వేర్వేరు దేశాల విక్రయ చట్టాలను పోల్చి రాబెల్ మొదలుపెట్టిన కృషి, 1964 నాటి ఏకరీతి చట్టాల మీదుగా 1980 నాటి అంతర్జాతీయ సరుకు విక్రయాల ఒప్పందం దాకా వచ్చింది. విశ్వవిద్యాలయ స్థాయి పరిశోధన ఒప్పందంగా మారడానికి అర్ధ శతాబ్దం పట్టిందన్నమాట. మూడేళ్ల గ్రాంటుతో ‘చట్టాల సమన్వయం సాధిస్తాం’ అని రాసే ప్రతిపాదనలకు ఈ లెక్క గుర్తుండాలి. ఆ తర్వాత వచ్చిన వాటిలో హేగ్‌లోని ఆసర్ ఇన్‌స్టిట్యూట్ 1965 నాటిది. 1982లో తెరుచుకున్న లోజాన్‌లోని స్విస్ తులనాత్మక న్యాయ సంస్థ కోర్టులకు, అధికారులకు పరాయి చట్టంపై అభిప్రాయాలు రాసిస్తుంది. 2016లో సింగపూర్‌లో మొదలైన ఏషియన్ బిజినెస్ లా ఇన్‌స్టిట్యూట్ ఒకే అంశం పట్టుకుంది. పరాయి తీర్పుల అమలుపై 15 ఆసియా పసిఫిక్ దేశాల నివేదికలను 2017లో ఒకేచోట అందించింది.

అన్నిటికన్నా ఎక్కువ నేర్పేది 1980 విక్రయ ఒప్పందం తర్వాతి కథ. దాని 7వ అధికరణ ప్రకారం అన్ని దేశాల్లో ఏకరీతి అన్వయానికి కోర్టులు ప్రాధాన్యమివ్వాలి. దానికోసం పై కోర్టు ఏదీ లేదు. జర్మనీ కోర్టు ఏం చెప్పిందో ఇటలీ న్యాయమూర్తికి తెలిసే మార్గమే లేకపోతే ఆ అధికరణ కాగితం మీదే ఉండిపోయేది. ఆ ఖాళీని నింపింది ఎవరు? 1988లో మొదలైన ఐక్యరాజ్యసమితి వాణిజ్య చట్ట సంఘం ‘క్లౌట్’ తీర్పుల సంగ్రహాలు, వాటి పక్కనే న్యూయార్క్ రాష్ట్రంలోని పేస్ విశ్వవిద్యాలయం, బాసెల్, రోమ్‌లలోని విద్యావేత్తలు నడిపిన డేటాబేస్‌లు. 2000 జులైలో ఇటలీలోని విజేవానో అనే చిన్న పట్టణపు కోర్టు ఒక కేసులో దాదాపు 40 విదేశీ తీర్పులను ఉటంకించిందంటే వెనుక ఉన్నది ఈ శ్రమే. న్యాయ సహకారం అనే మాటకు ఇంతకన్నా మంచి ఉదాహరణ దొరకడం కష్టం. అక్కడ వేదిక లేదు, సంతకాల ఫొటో లేదు, అనువాదం చేసి సూచిక కట్టిన తీర్పులు ఉన్నాయి.

## సివిలా, క్రిమినలా?

కొత్త కేంద్రాల లక్ష్య పత్రాల్లో వాణిజ్య వివాదాలు, పిల్లల కస్టడీ, సైబర్ నేరాలు, నేరస్థుల అప్పగింత, పర్యావరణం అన్నీ ఒకే వరుసలో కనిపిస్తాయి. ఇవన్నీ సరిహద్దు దాటేవే కానీ వీటి వెనుక నడిచే యంత్రాంగం ఒకటి కాదు.

సివిల్ విషయాల్లో తీర్పులు ఎక్కువగా బహిరంగం, వాడుకునేది న్యాయవాదులు, న్యాయమూర్తులు. క్రిమినల్ సహకారం కేంద్ర అధికార సంస్థల మధ్య నడుస్తుంది, అభ్యర్థనలు రహస్యం, పరిశోధకుడికి గణాంకం కూడా సులువుగా దొరకదు. ఐక్యరాజ్యసమితి మాదకద్రవ్యాలు, నేరాల కార్యాలయం 2013లో విడుదల చేసిన సైబర్ నేరాల అధ్యయన ముసాయిదాలో పరస్పర న్యాయ సహాయ అభ్యర్థనలకు జవాబు రావడానికి మధ్యస్థంగా 150 రోజులని ఉంది. ఆ జాప్యాన్ని తప్పించడానికే యూరోపియన్ యూనియన్ 2023లో ఎలక్ట్రానిక్ సాక్ష్యాల నిబంధన తెచ్చింది. 2026 ఆగస్టు 18 నుంచి వర్తించే ఆ నిబంధన ప్రకారం సేవాసంస్థ 10 రోజుల్లో, అత్యవసరమైతే 8 గంటల్లో డేటా ఇవ్వాలి. ఈ రంగంలో పనిచేయాలంటే కేంద్రానికి ప్రాసిక్యూటర్ల భాగస్వామ్యం, గోప్యతా అనుమతులు ముందే ఉండాలి. అవి లేని విశ్వవిద్యాలయం సివిల్ వైపు ఒక సన్నని అంశంతో మొదలుపెట్టడం మంచిది: డబ్బు డిక్రీల అమలు, సమన్ల జారీ, దివాలా ప్రక్రియ, పిల్లల అపహరణ కేసులు వంటివి. చివరిదానిలో హేగ్ కాన్ఫరెన్స్ 1999లో నెలకొల్పిన ఇన్‌కాడాట్ తీర్పుల నిధి ఉంది కాబట్టి అదే పని మళ్లీ చేయడం వృథా. అందులో లేని దేశాల తీర్పులు, అందులో లేని భాషల అనువాదాలు అందించవచ్చు.

## హోదా, ఒప్పందం, డబ్బు

విశ్వవిద్యాలయంలో భాగంగా ఏర్పడే కేంద్రానికి సొంత చట్టపరమైన వ్యక్తిత్వం ఉండదు. ఒప్పందంపై సంతకం చేసేది, అప్పు పడేది, దావా ఎదుర్కొనేది విశ్వవిద్యాలయమే. డీన్ సంతకం పెట్టిన ఎంఓయూ చాలాచోట్ల చెల్లదు. సంతకాధికారం రిజిస్ట్రార్‌కో వైస్ ఛాన్సలర్‌కో ఉంటుంది, ప్రభుత్వ విశ్వవిద్యాలయమైతే మంత్రిత్వ శాఖ అనుమతి కూడా కావాల్సి రావచ్చు. విడిగా సొసైటీగానో ఫౌండేషన్‌గానో నమోదు చేస్తే స్వేచ్ఛ పెరుగుతుంది, దాంతో పాటు ఆడిట్, పన్ను, ఉద్యోగుల బాధ్యత సొంతంగా మోయాలి. తొలి ఐదేళ్లు విశ్వవిద్యాలయం నీడలో ఉండి, సొంత ఆదాయం వచ్చాక విడిపోవడం తక్కువ ప్రమాదమున్న దారి.

ఎంఓయూ ఉద్దేశాన్ని చెబుతుంది, సాధారణంగా బాధ్యతను పుట్టించదు. బాధ్యత పుట్టాల్సిన ఐదారు విషయాలకు వేరే ఒప్పందం రాసుకోవాలి: ఎవరు ఎవరికి జీతం ఇస్తారు, నివేదికపై కాపీరైటు ఎవరిది, డేటాబేస్ ఎవరి సర్వర్‌లో ఉంటుంది, ఒక భాగస్వామి వెళ్లిపోతే తాను ఇచ్చిన సమాచారాన్ని వెనక్కి తీసుకోవచ్చా, వివాదం వస్తే ఏ చట్టం, ఏ వేదిక. ఈ చివరి నిబంధన విషయంలో వింత చాలాసార్లు కనిపిస్తుంది. ఏ కేసుకు ఏ దేశ చట్టం వర్తిస్తుందో బోధించే ఆచార్యులే తమ ఒప్పందంలో ఆ గడిని ఖాళీగా వదిలేస్తారు. రెండు ప్రభుత్వ విశ్వవిద్యాలయాలు ఎదురైనప్పుడు ఎవరూ రెండోవారి కోర్టుకు ఒప్పుకోరు కాబట్టి, ముందు ఉన్నతాధికారుల చర్చ, తర్వాత మూడో దేశంలో ఆర్బిట్రేషన్ అని రాసుకోవడం ఆచరణయోగ్యం. ఆర్బిట్రేషన్‌కు ఒప్పుకునే అధికారం ఆ ప్రభుత్వ సంస్థకు ఉందో లేదో కూడా చూసుకోవాలి.

డబ్బు సరిహద్దు దాటేటప్పుడు మరో చిక్కు. విదేశీ విరాళాలను నియంత్రించే చట్టాలు కొన్ని దేశాల్లో ఉన్నాయి. ఉదాహరణకు భారత్‌లో 2010 నాటి విదేశీ విరాళాల నియంత్రణ చట్టానికి 2020లో చేసిన సవరణ, అలా వచ్చిన సొమ్మును మరో సంస్థకు బదిలీ చేయడాన్ని నిషేధించింది, పాలనా ఖర్చుల పరిమితిని 50 శాతం నుంచి 20 శాతానికి తగ్గించింది. ఒక ప్రధాన సంస్థ గ్రాంటు తీసుకుని భాగస్వాములకు పంచే మామూలు నమూనా ఆ చట్టం వర్తించే సంస్థ దగ్గర కుదరదు. దాత నుంచి ప్రతి భాగస్వామికి విడివిడిగా గ్రాంటు రావాలి. ప్రతిపాదన రాసే రోజే ఈ సంగతి చూడకపోతే, మంజూరయ్యాక ఒప్పందం మొత్తం తిరగరాయాల్సి వస్తుంది.

ఖర్చుల్లో జీతాల తర్వాత పెద్దది అనువాదం. అనుభవమున్న న్యాయ అనువాదకుడు రోజుకు 2,000 నుంచి 2,500 పదాలు చేయగలడు. సరిచూసే రెండో వ్యక్తి సమయం దానికి అదనం. ముప్పై పేజీల తీర్పు ఒక వారాన్ని మింగేస్తుంది. న్యాయ డేటాబేస్‌ల చందా మరో గుదిబండ. లైసెన్సు సాధారణంగా ఒక సంస్థ ప్రాంగణానికే పరిమితం, దాని లాగిన్‌ను భాగస్వామి దేశపు పరిశోధకుడికి ఇస్తే ఉల్లంఘన కిందికి వస్తుంది.

## ప్రశ్నావళి నుంచి జవాబు దాకా

‘మీ దేశంలో విదేశీ తీర్పులను అమలు చేస్తారా?’ అని అడిగితే ప్రతి దేశం నుంచీ ఒకటే జవాబు వస్తుంది: చేస్తారు, షరతులకు లోబడి. ఆ జవాబుతో ఎవరికీ ఉపయోగం లేదు. ఒక దేశంలో ఉన్న న్యాయ భావన పేరుతో అడిగినా చిక్కే. ఆ భావన లేని దేశపు నివేదకుడు తమ దగ్గర అలాంటిది లేదని రాసేస్తాడు, అదే పని మరో పేరుతో జరుగుతున్నా చెప్పడు. న్యాయాచార్యుడు రుడాల్ఫ్ ష్లెసింజర్ అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయంలో నడిపించిన ప్రాజెక్టు, తర్వాత 1990ల్లో ఇటలీలోని ట్రెంటోలో మొదలైన ‘కామన్ కోర్’ కృషి దీనికి చూపిన మార్గం వాస్తవ పరిస్థితిని ముందుపెట్టి అడగడం.

ఒక నమూనా ప్రశ్న ఇలా ఉంటుంది. అ అనే దేశంలోని విక్రేతకు ఆ దేశపు కోర్టు 2,00,000 డాలర్లకు డిక్రీ ఇచ్చింది. ప్రతివాది హాజరు కాలేదు, సమన్లు ఈమెయిల్‌లో పంపారు. అతని ఆస్తి మీ దేశంలో ఒక బ్యాంకు ఖాతా. ఏ కోర్టులో పిటిషన్ వేయాలి? ఏ పత్రాలు జతచేయాలి, 1961 హేగ్ ఒప్పందం ప్రకారం అపోస్టిల్ (పత్రం అసలైనదని తెలిపే అధికారిక ధ్రువీకరణ) చాలా? అనువాదాన్ని ఎవరు ధ్రువీకరించాలి? గడువు ఎంత? విచారణ పూర్తయ్యేలోపు ఖాతాను స్తంభింపజేయవచ్చా? ఈమెయిల్ సమన్లు చెల్లుతాయా?

ఇలా అడిగినప్పుడు బయటపడే తేడాలు చిన్నవి కావు. ఇంగ్లండ్‌లో విదేశీ తీర్పుల నమోదుకు 1920 చట్టం కింద మామూలు గడువు 12 నెలలు, 1933 చట్టం కింద ఆరేళ్లు. తీర్పు ఏ దేశం నుంచి వచ్చిందన్నదాన్ని బట్టి గడువు మారిపోతుంది. సమన్ల విషయంలో 1965 నాటి హేగ్ ఒప్పందం తపాలా మార్గాన్ని అనుమతిస్తున్నా జర్మనీ, చైనా వంటి దేశాలు అభ్యంతరం నమోదు చేశాయి. రిజిస్టర్డ్ పోస్టులో పంపి రసీదు దాచుకున్న వాది చివర్లో ఓడిపోయేది ఇక్కడే.

ప్రతి జవాబునూ మూడు పొరల్లో రాయించాలి: చట్టం పాఠం, కోర్టు తీర్పులు, వాస్తవ ఆచరణ. ఇటలీ న్యాయ పండితుడు రొడాల్ఫో సాకో ఎత్తిచూపినట్టు ఒకే దేశంలో ఈ పొరలు ఒకదానితో ఒకటి విభేదించవచ్చు. చట్టం ఆరు వారాలంటుంది, రిజిస్ట్రీ ఆరు నెలలు తీసుకుంటుంది. ఆ తేడాను దాచిన నివేదిక న్యాయవాదిని తప్పుదారి పట్టిస్తుంది.

తొలి విడతకు ఆరు దేశాలు, 25 నుంచి 30 ప్రశ్నలు, ఒక్కో నివేదికకు 8,000 నుంచి 10,000 పదాలు సరిపోతాయి. ఆరింటిలో కనీసం రెండు వేరే న్యాయ సంప్రదాయానికి చెందినవి కావాలి, లేకపోతే ప్రశ్నావళిలోని లోపం బయటపడదు. ముందుగా రెండు దేశాలతో ప్రయోగించి, ప్రశ్నలు సవరించి, ఆ తర్వాతే మిగతావారికి పంపాలి. ఒకేసారి అందరికీ పంపితే ఆరు రూపాల్లో జవాబులు వస్తాయి, వాటిని పోల్చే పట్టిక కట్టడం అసాధ్యం. ప్రతి నివేదికనూ ఇద్దరు చదవాలి: ఆ దేశంలో ప్రాక్టీసు చేసే న్యాయవాది ఒకరు, ఆ దేశపు చట్టం తెలియని పరిశోధకుడు మరొకరు. మొదటివారు తప్పులు పట్టుకుంటారు. నివేదకుడు అందరికీ తెలుసనుకుని వదిలేసినదాన్ని రెండోవారు పట్టుకుంటారు. ఈ ప్రక్రియకు పది నుంచి పన్నెండు నెలలు పడుతుంది, ఆరు నెలల్లో పూర్తవుతుందని దాతకు రాసివ్వకూడదు.

నివేదిక పైన ‘ఫలానా తేదీ నాటి చట్టం’ అని ఉండాలి. ఏడాదికోసారి సరిచూడడం, పెద్ద తీర్పో సవరణో వస్తే 30 రోజుల్లో గమనిక చేర్చడం, పాత ప్రతిని తొలగించకుండా విడిగా ఉంచడం అవసరం. 2019లో దాఖలైన కేసులో 2019 నాటి చట్టమే కావాల్సి రావచ్చు మరి.

## డేటా, తీర్పుల్లోని పేర్లు

ఒక దేశం తీర్పులను పేర్లతో సహా ప్రచురిస్తుంది, మరోటి పేర్లు తీసేసి ఇస్తుంది. యూరోపియన్ యూనియన్‌లో 2018 నుంచి అమల్లో ఉన్న డేటా రక్షణ నిబంధన జీడీపీఆర్ ప్రకారం వ్యక్తిగత డేటాను బయటి దేశపు సర్వర్‌కు పంపాలంటే ఆ దేశ రక్షణ సరిపోతుందన్న నిర్ణయమో, ప్రామాణిక ఒప్పంద నిబంధనల వంటి రక్షణ ఏర్పాటో ఉండాలి. కుటుంబ కేసుల తీర్పులను ఉమ్మడి ఫోల్డర్‌లో పెట్టడం కూడా బదిలీయే. పేర్లు తీసేసే పని తీర్పు పుట్టిన దేశంలోనే పూర్తిచేసి, ఆ ప్రతినే పంచుకుంటే చిక్కు చాలావరకు తీరుతుంది.

ఫ్రాన్స్ మరో హెచ్చరిక. న్యాయమూర్తుల వృత్తిపరమైన తీరును విశ్లేషించడానికి, పోల్చడానికి, ముందే ఊహించడానికి వారి గుర్తింపు డేటాను వాడడాన్ని 2019 మార్చి 23 నాటి చట్టం నేరంగా చేసింది. ఐదేళ్ల దాకా జైలు శిక్ష పడవచ్చు. ఒక దేశంలో పీహెచ్‌డీ అంశంగా ఆమోదం పొందే పని మరో దేశంలో శిక్షార్హమవుతుందన్నమాట. ఉమ్మడి ప్రాజెక్టులో కృత్రిమ మేధతో తీర్పుల విశ్లేషణ ఉంటే, ప్రతి భాగస్వామి దేశపు నిబంధనలూ ముందే చూడాలి.

## ఎక్కడ కుంటుపడుతుంది

మూతపడిన కేంద్రాలు చాలావరకు డబ్బు అయిపోయి మూతపడ్డాయని అనుకుంటారు. అంతకన్నా ముందే జరిగేది దేశ నివేదకులు జారిపోవడం. దేశ నివేదికను పదోన్నతి లెక్కల్లో పరిశోధన ప్రచురణగా చాలా విశ్వవిద్యాలయాలు పరిగణించవు. మొదటి నివేదిక ఉత్సాహంతో వస్తుంది, రెండో ఏడాది సవరణ అడిగితే జవాబు ఉండదు. దీనికి మందు కొంత తెలిసిందే: నివేదికకు శాశ్వత గుర్తింపు సంఖ్య, రచయిత పేరు, సమీక్ష ధ్రువీకరణ, సవరణకు విడిగా పారితోషికం. మొదటి రచనకు ఇచ్చేదాంట్లో నాలుగో వంతు సవరణకు కేటాయించినా తేడా కనిపిస్తుంది.

రెండోది, వ్యవస్థాపక డైరెక్టర్‌తోనే కేంద్రం వెళ్లిపోవడం. పరిచయాలన్నీ ఆయన ఈమెయిల్‌లో ఉంటాయి. పూర్తికాల సమన్వయకర్త, న్యాయ గ్రంథపాలకుడు అనే రెండు ఉద్యోగాలు ప్రాజెక్టు డబ్బుతో కాకుండా విశ్వవిద్యాలయ జీతంతో ఉంటే ఈ ప్రమాదం తగ్గుతుంది. ఉమ్మడి పీహెచ్‌డీ పర్యవేక్షణ, వేసవి కోర్సులు, సందర్శక ఆచార్యులు వంటివి కేంద్రానికి పేరు తెస్తాయి, ఇవి తర్వాతైనా మొదలుపెట్టవచ్చు.

దాత ప్రభావం గురించి చెప్పాల్సింది తక్కువే. ఒకే న్యాయ సంస్థో ఒకే మంత్రిత్వ శాఖో సగానికి పైగా ఖర్చు భరిస్తుంటే, ఆ సంస్థ పక్షంగా ఉన్న కేసులో కేంద్రం ఇచ్చే అభిప్రాయాన్ని ఎదుటి న్యాయవాది మొదటి ప్రశ్నతోనే పడగొడతాడు. నిధుల వివరాలను ఏటా ప్రచురించడం, అభిప్రాయం రాసే బృందానికి నిధులు తెచ్చే బృందంతో సంబంధం లేకుండా చూడడం కనీస జాగ్రత్తలు.

మూసివేత నిబంధనను మొదటి ఒప్పందంలోనే రాయాలి. కేంద్రం ఆగిపోతే నివేదికలు, అనువాదాలు, తీర్పుల సూచిక ఏ గ్రంథాలయానికి వెళ్తాయి, ఏ లైసెన్సు కింద, వెబ్ చిరునామాను ఎన్నేళ్లు ఎవరు కొనసాగిస్తారు అన్నవి అందులో ఉండాలి. కనీసం పదేళ్ల హామీ అవసరం. అప్పటికే కోర్టు తీర్పుల్లో, పిటిషన్లలో ఆ నివేదికల లింకులు ఉటంకింపులుగా చేరి ఉంటాయి.